బిల్లులో లేని గడి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండళ్ల గౌరవ చైర్మన్లకు, సభ్యులకు బహిరంగ లేఖ



నెలకోసారి గుమ్మంలోకి వచ్చే కరెంటు బిల్లు మూరెడు పొడవుంటుంది. సర్వీసు నంబరు, కేటగిరీ, ఒప్పంద లోడు, పాత రీడింగు, కొత్త రీడింగు, కాలిన యూనిట్లు, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం, పాత బకాయి, గడువు తేదీ... చదివే ఓపిక ఉండాలే గాని ఆ సన్న కాగితంలో లేని లెక్క లేదనిపిస్తుంది. ఒక్కటి మాత్రం ఉండదు. ఆ నెలంతా ఆ ఇంటికి ఎంత వోల్టేజి ఇచ్చారన్నది.

అదే కాగితం మీద ఆర్‌ఎండీ పేరుతో ఇంకో అంకె ఉంటుంది. ఆ నెలలో ఇంట్లో గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్ల లోడు పడిందో చెప్పే లెక్క అది. రెండు కిలోవాట్లకు ఒప్పందం చేసుకున్నవాళ్లు ఏసీ, మంచినీళ్ల మోటారు, ఇస్త్రీ పెట్టె కలిపి వేసి మూడు దాటిస్తే మీటరు పట్టుకుంటుంది, బిల్లు అచ్చువేస్తుంది, అదనపు లోడుకు డబ్బు కట్టమని నోటీసు కూడా వస్తుంది. న్యాయమే. కానీ హద్దు అటువైపు కూడా ఉంది కదా! ఇళ్లకు ఇవ్వాల్సిన వోల్టేజి 230. అది ఆరు శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు. అంటే 216 వోల్టులకు తగ్గకూడదు, 244 దాటకూడదు. వాడేవాళ్లు గీత దాటితే కాగితానికి ఎక్కుతుంది. ఇచ్చేవాళ్లు గీత దాటితే ఎక్కడా ఎక్కదు. ఈ లేఖ ఆ ఒంటికంటి లెక్క గురించే.

పదో తరగతి పిల్లలు చేసే లెక్కతో మొదలుపెడితే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, ఓములలో. రెండింటినీ గుణిస్తే సామర్థ్యం, వాట్లలో. బజార్లో దొరికే మామూలు గీజరు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని రాసి ఉంటుంది. 2000ను 230తో భాగిస్తే అది లాగే కరెంటు 8.7 ఆంపియర్లు. 230ని ఆ 8.7తో భాగిస్తే కాయిల్ నిరోధం 26.4 ఓములు. పరీక్షలో మార్కులు ఇక్కడికే వచ్చేస్తాయి. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఊరి చివరి వీధిలో, అందరూ స్నానాలకు లేచే వేళ, వోల్టేజి 180కి పడిపోయిందనుకుందాం. కాయిల్ నిరోధం ఇంచుమించు మారదు. 180ని 26.4తో భాగిస్తే 6.8 ఆంపియర్లు, దాన్ని మళ్లీ 180తో గుణిస్తే 1225 వాట్లు. వోల్టేజి తగ్గింది 22 శాతమే, గీజరు బలం తగ్గింది 39 శాతం. వోల్టేజి ఒకసారి నేరుగా, మరోసారి కరెంటును తగ్గించి, రెండు వైపులా దెబ్బ కొడుతుంది.

మరి ఈ దెబ్బ బిల్లులో కనిపిస్తుందా? కనిపించదు. పదిహేను లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడి చేయడానికి కావలసిన శక్తి ఎక్కడైనా ఒక్కటే, 0.52 యూనిట్. వోల్టేజి సరిగా ఉన్న ఇంట్లో ఆ పని పదహారు నిమిషాల్లో తెములుతుంది. 180 వోల్టుల ఇంట్లో దాదాపు ఇరవై ఆరు నిమిషాలు పడుతుంది. పిల్లల బడి బస్సు వెళ్లిపోతుంది, మీటరు మాత్రం రెండిళ్లలోనూ అదే అర యూనిట్ చిల్లర తిరుగుతుంది. యూనిట్ అంటే వోల్టేజి, కరెంటు, కాలం గుణించగా వచ్చిన మొత్తం. మొత్తం ఒక్కటే చేతిలో పెడితే అందులో ఏది ఎంతో ఎవరు చెప్పగలరు?

ఒకప్పుడు దీనికి బిల్లు అక్కర్లేకపోయింది. ప్రతి ఇంట్లోనూ వేలాడే వోల్టు మీటరు ఒకటుండేది: ఫిలమెంట్ బల్బు. లో వోల్టేజి వస్తే అది ఎర్రబారేది, పిల్లలు కూడా గుర్తుపట్టేవారు. 2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీలు ఇంటింటికీ చేరాయి. కరెంటు ఆదా అయింది, కాదనేవాళ్లు లేరు. అయితే మంచి ఎల్‌ఈడీ లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది వోల్టేజి 230 ఉన్నా 170 ఉన్నా వెలుగును అదే తీరున నిలబెడుతుంది. టీవీ, ఫోన్ చార్జరు కూడా అంతే. అలా లో వోల్టేజి కంటికి కనిపించడం మానేసింది. ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగితే కండెన్సర్ పోయిందేమోనని మెకానిక్‌ను పిలుస్తున్నారు. ఫ్రిజ్ కంప్రెసర్ మూలిగి ఆగిపోతే కంపెనీని తిడుతున్నారు.

ఇక్కడే ఆ పాత బల్బు గురించి ఇంకో మాట. వంద వాట్ల బల్బును చేతిలోకి తీసుకుని మల్టీమీటరుతో నిరోధం కొలిస్తే నలభై ఓముల దాపులో చూపిస్తుంది. 230 వర్గాన్ని నలభైతో భాగిస్తే పదమూడు వందల వాట్లు పైనే వస్తుంది! లెక్క తప్పు కాదు, కొలిచిన వేళ తప్పు. బల్బు వెలిగి ఫిలమెంట్ రెండు వేల డిగ్రీలు దాటాక దాని నిరోధం 529 ఓములకు పెరుగుతుంది, అప్పుడే అది వంద వాట్ల బల్బు. అందుకే దేని నిరోధమైనా, సామర్థ్యమైనా అది పనిచేస్తుండగా వోల్టేజి, కరెంటు రెండూ చూసి కట్టాల్సిన లెక్క. ఇళ్లకైనా, వీధులకైనా ఇదే వర్తిస్తుంది. లోడు లేని మధ్యాహ్నం పూట వచ్చి టెస్టర్ పెట్టి చూసి, వోల్టేజి బాగానే ఉందని చెప్పి వెళ్లిపోతే ఆ పరీక్షకు విలువ లేదు.

పొలంలో కథ పూర్తిగా తిరగబడుతుంది.

గీజరుకు వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది. మోటారు అలా సర్దుకుపోదు. బోరులోంచి నీళ్లు ఎత్తే పని తగ్గదు కనుక, వోల్టేజి తగ్గినంత మేరకు కరెంటును ఎక్కువ లాగి లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. ఐదు హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారును తీసుకుందాం. ఐదు హార్స్‌పవర్ అంటే 3730 వాట్లు. మోటారు సమర్థత 85 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే 415 వోల్టుల దగ్గర అది లాగేది ఏడు ఆంపియర్ల పైచిలుకు. అదే లైను చివర వోల్టేజి 340కి దిగితే కరెంటు తొమ్మిదికి దగ్గరవుతుంది. కరెంటు పెరిగింది ఇరవై రెండు శాతమే కదా అని తేలిగ్గా తీసేయడానికి లేదు. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఈ సూత్రాన్ని ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1840ల నాడే ప్రయోగాలతో తేల్చాడు. ఆ లెక్కన రాగి తీగలో వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇన్సులేషన్ తట్టుకోగల వేడి దాటాక ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్లు ఎప్పటినుంచో వాడే మోటు లెక్క.

పైగా మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గంతో పాటే పడిపోతుంది. 340 వోల్టుల దగ్గర అది మూడింట రెండు వంతులే మిగులుతుంది. స్టార్టు చేసేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది కనుక ఆ క్షణంలో లైనులో వోల్టేజి ఇంకా దిగుతుంది. కరెంటు వచ్చిందని ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పది పన్నెండు మోటార్లూ ఆటో స్టార్టర్లతో ఒక్కసారిగా లేచాయంటే సగం తిరగవు, మూలుగుతూ నిలబడతాయి.

మోటారు షెడ్డులో స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే ఈ చరిత్రంతా అక్కడే రాసి ఉంటుంది. పైన వోల్టు మీటరు, పక్కన ఆంపియర్ మీటరు, కింద ఓవర్‌లోడ్ రిలే. ముల్లు ఎర్రగీత దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. వేడి ఎక్కి రిలే పడిపోతుంటే, తడి ఆగిపోతోందని రైతు దాని మరను కాస్త ముందుకు తిప్పుతాడు. మళ్లీ పడిపోతే దాన్ని పక్కన పెట్టించి డైరెక్టు చేయిస్తాడు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఇంకేం చేస్తాడు? కొన్నాళ్లకు వైండింగ్ మాడిన వాసన. సబ్‌మెర్సిబుల్ అయితే బోరులోంచి పైపులన్నీ పైకి లాగాలి, మనుషులు కావాలి, బండి కావాలి, వైండింగ్ షాపులో రాగి తీగ ఖర్చు, వారం పది రోజులు నీళ్లు బందు. కాలిపోయిన మోటారు రైతు ఖాతాలో పడుతుంది. అది ఏ వోల్టేజి దగ్గర కాలిందో మాత్రం ఏ ఖాతాలోనూ ఉండదు, ఎందుకంటే చాలా వ్యవసాయ సర్వీసులకు మీటరే లేదు.

వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల సరఫరా అన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలన్నారు. ఎన్నికల సభల్లోనూ శాసనసభల్లోనూ గంటల మీద ఎంత వాదన జరిగిందో లెక్కలేదు. వోల్టుల మీద మాత్రం అందులో పదో వంతు మాట్లాడినవాళ్లు లేరు. 340 వోల్టుల దగ్గర ఇచ్చిన తొమ్మిది గంటలు, 415 దగ్గర ఇచ్చిన తొమ్మిది గంటలు ఒకటి కావు. మొదటిది మోటారును కాల్చే తొమ్మిది గంటలు.

అసలు వోల్టేజి ఎక్కడికి పోతోంది? దారిలోనే ఖర్చయిపోతోంది. 34 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు కిలోమీటరుకు నిరోధం దాదాపు 0.83 ఓము. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అర కిలోమీటరు దూరంలో సింగిల్ ఫేజ్ మీద కొన్ని ఇళ్లు ఉన్నాయనుకుందాం. వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ కలిపితే కిలోమీటరు. రాత్రి ఎనిమిదింటికి ఆ ఇళ్లన్నీ కలిసి 40 ఆంపియర్లు లాగితే తీగలోనే 33 వోల్టులు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 ఉన్నా చివరి ఇంటికి చేరేది 197. ఆ తీగలో వేడిగా మారి గాలిలో కలిసేది సుమారు 1330 వాట్లు. గంటకు ఒకటింబావు యూనిట్‌కు పైనే! ఆ యూనిట్లు ఏ వినియోగదారుడి మీటరులోనూ తిరగవు. విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) నష్టాల పద్దులో పడతాయి, చివరికి టారిఫ్ రూపంలో మీ ముందుకే వస్తాయి. లో వోల్టేజి గురించి ఫిర్యాదు వినియోగదారుడి మొర మాత్రమే కాదు, అది సంస్థ డబ్బు కారిపోతున్న చోటు చూపించే గుర్తు. ఆ చివరి ఇళ్లకు దగ్గరగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంకొకటి పెట్టి, లోడు సగం సగం పంచి, తీగ దూరం సగానికి తగ్గిస్తే నష్టం నాలుగో వంతుకు వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ లైన్లకు హెచ్‌వీడీఎస్ (అధిక వోల్టేజి పంపిణీ వ్యవస్థ) పేరుతో చేసింది ఈ పనే.

అది జరిగేదాకా జనం చేసేది స్టెబిలైజర్ కొనడం. అదీ చుట్టుతిరిగి వీధి మీదే పడుతుంది. 170 వోల్టులు వస్తుంటే స్టెబిలైజర్ దాన్ని 230 చేసి ఏసీకి ఇస్తుంది. కానీ వాట్లు ఎక్కడినుంచో పుట్టవు కదా. లోపలికి లాగే కరెంటు ఆ నిష్పత్తిలో పెరుగుతుంది, మూడో వంతుకు పైగా. ఆ పెరిగిన కరెంటు అదే తీగలో పారి వోల్టేజిని ఇంకాస్త దించుతుంది. స్టెబిలైజర్ కొనలేని పక్కింటివాళ్లకు మిగిలేది ఆ దిగిన వోల్టేజి.

ఈ లెక్కలన్నిటికీ మూలమైన సూత్రాన్ని కనిపెట్టిన, జర్మనీలో కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉన్న గియోర్గ్ సైమన్ ఓమ్‌కు కూడా మొదట్లో ఇదే తలనొప్పి. ఆ రోజుల్లోని వోల్టా బ్యాటరీల నుంచి కరెంటు తీసుకుంటే వోల్టేజి నిలకడగా ఉండేది కాదు, లెక్కలు కుదిరేవి కావు. పొగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాతో ఆయన బ్యాటరీని వదిలి రాగి, బిస్మత్ అతికిన థర్మోకపుల్ వాడాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకోటి మంచులో. వోల్టేజి కదలకుండా నిలబడింది, సూత్రం దొరికింది. 1826లో ఫలితాలు, 1827లో పుస్తకం. స్వదేశంలో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు; లండన్ రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకం ఇచ్చాక విలువ పెరిగింది. నిలకడైన వోల్టేజి లేకుండా ఓమ్ సూత్రాన్ని ఓమే పట్టుకోలేకపోయాడు!

వోల్టేజి తగ్గడం ఒక్కటే ప్రమాదం కాదు. వీధిలో న్యూట్రల్ తీగ తెగిందన్న వార్తతో పాటు టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయన్న వార్త వస్తూ ఉంటుంది. దాని లెక్క కూడా నిరోధం లెక్కే. రెండు వేర్వేరు ఫేజుల మీద ఉన్న రెండిళ్లకు న్యూట్రల్ పోతే ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి కలిసి 400 వోల్టుల మధ్య ఇరుక్కుంటాయి. మొదటి ఇంట్లో 26 ఓముల గీజరు, రెండో ఇంట్లో 529 ఓముల వంద వాట్ల బల్బు ఉంటే గీజరుకు 19 వోల్టులు మిగులుతాయి, బల్బు ఇంటికి 381 వోల్టులు పోతాయి. ఎక్కువ కరెంటు వాడుతున్నవాళ్లు బతికిపోతారు, పొదుపుగా ఒకటి రెండు దీపాలు వేసుకున్నవాళ్ల సామాను తగలబడుతుంది. ఇంత అన్యాయమైన ప్రమాదం ఇంకోటి ఉండదు. ఆ నష్టం నిరూపించుకోవడానికి ఆ ఇంటివాళ్ల దగ్గర ఉండే ఆధారం కాలిన వాసన తప్ప ఏమీ ఉండదు.

నిబంధనలు లేవని ఈ లేఖ అనడం లేదు. ఉమ్మడి రాష్ట్ర మండలి 2004లోనే సేవా ప్రమాణాల నిబంధనలు తెచ్చింది. వోల్టేజి ఫిర్యాదులకు గడువులు, గడువు దాటితే పరిహారం అందులో ఉన్నాయి. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు కూడా వోల్టేజి ఫిర్యాదుల పరిష్కార కాలాన్ని పరిహారం లెక్కలోకి తెచ్చాయి. కొరత నిబంధనలకు కాదు, సాక్ష్యానికి. వోల్టేజి తగ్గిందని వినియోగదారుడు ఎలా చూపించాలి? మల్టీమీటరు కొని రాత్రిళ్లు స్విచ్‌బోర్డు దగ్గర కూర్చోవాలా?

ఆ అవసరం లేదు. ఇప్పుడు ఇళ్లలో ఉన్న చాలా డిజిటల్ మీటర్లలో బటన్ నొక్కుతూ పోతే యూనిట్లు, ఆర్‌ఎండీలతో పాటు ఆ క్షణపు వోల్టేజి, కరెంటు కూడా తెర మీదికి వస్తాయి. కొత్తగా బిగిస్తున్న స్మార్ట్ మీటర్లయితే పావుగంటకో అరగంటకో ఒకసారి సగటు వోల్టేజిని తమలో రాసిపెట్టుకుంటాయి. అంటే సాక్ష్యం పుడుతూనే ఉంది, సర్వరుకు చేరుతూనే ఉంది, సాక్ష్యం ఎవరికి కావాలో వాళ్లకు తప్ప. స్మార్ట్ మీటర్ల మీద జనంలో ఉన్న అనుమానం అంతా అవి డబ్బు గుంజడానికే వచ్చాయని. ఆ మీటరు తమ తరఫున కూడా ఒక మాట చెబుతుందని తెలిస్తే ఆ అనుమానంలో సగమైనా తగ్గుతుంది.

కాబట్టి మండళ్లను కోరేది పెద్ద పనేమీ కాదు. స్మార్ట్ మీటరు ఉన్న ప్రతి సర్వీసు బిల్లులో ఆర్‌ఎండీ పక్కనే ఇంకో గడి పెట్టించండి: ఆ నెలలో నమోదైన కనిష్ఠ వోల్టేజి, గరిష్ఠ వోల్టేజి, 216 నుంచి 244 హద్దు దాటి ఎన్ని గంటలు గడిచాయో. పాత మీటర్ల ఇళ్లకు, మీటరు తెర మీద వోల్టేజి, తేదీ, సమయం కనిపించేలా తీసిన ఫొటోలను ఫిర్యాదుకు ఆధారంగా తీసుకోవాలని ఉత్తర్వు ఇవ్వండి. మీటర్లు లేని పొలాలకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా, ఆ లైను చివరి స్తంభం దగ్గరా కొలిచి, ఆ అంకెలు సెక్షన్ ఆఫీసు గోడ మీద అతికించమనండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్కచోటే కొలిస్తే చాలదు. పైన చూసిన 33 వోల్టులు పోయేది ఆ తర్వాతే.

డిస్కంలు రెండు అభ్యంతరాలు చెప్పవచ్చు. బిల్లు పొడవు పెరుగుతుందనేది ఒకటి; ఇప్పటికే మూరెడున్న కాగితానికి ఇంకో అంగుళం భారం కాదు. ఫిర్యాదులు వరదలా వచ్చిపడతాయనేది రెండోది. రానివ్వండి. ఏ తీగ సన్నగా ఉందో, ఏ జాయింటు వదులైందో, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయలేకపోతోందో ఖర్చు లేకుండా చెప్పే సర్వే అది. వదులైన జాయింటు సంగతే చూడండి: అర ఓము నిరోధం ఉన్న చోట 8.7 ఆంపియర్లు పారితే 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ చేతిలోని పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే అది ఎక్కువ. ప్లగ్ పిన్ను దగ్గరైనా, స్తంభం మీద సర్వీసు వైరు దగ్గరైనా మంటలు అలాగే మొదలవుతాయి.

ఏటా డిస్కంలు తమ ఆదాయ అవసరాల నివేదికలు మీ ముందు పెడతాయి, మీరు బహిరంగ విచారణలు జరుపుతారు, చార్జీలు నిర్ణయిస్తారు. రాబోయే విచారణలో యూనిట్ ధరతో పాటు ఈ గడిని కూడా చర్చకు పెట్టండి. ఆ తర్వాత ఇచ్చే టారిఫ్ ఉత్తర్వులోనే, బిల్లు నమూనాలో వోల్టేజి అచ్చువేయాలని ఒక్క వాక్యం చేర్చండి.